సముద్రాన్ని కౌలుకిచ్చే దేశం నుంచి

సువా, ఫిజీ

మావయ్యా,

తువాలు అంటే ఎంత దేశం అని ఫోన్లో అడిగావు. మొత్తం నేల 26 చదరపు కిలోమీటర్లు. నీ లెక్కలో చెప్పాలంటే ఆరువేల నాలుగొందల ఎకరాలు. మన భోగాపురం విమానాశ్రయానికి తీసుకున్నదే రెండువేల రెండొందల ఎకరాలు. అలాంటివి మూడు పెడితే ఈ దేశానికి జెండా పాతుకునే చోటు కూడా మిగలదు. ఆ కాస్త నేలైనా ఒక్కచోట ఉందా అంటే లేదు. తొమ్మిది ద్వీపాలుగా చెదిరి ఉంది. వాయవ్యాన నానుమేయా నుంచి దక్షిణాన నియులాకితా దాకా ఆరేడు వందల కిలోమీటర్లు. జనం పదకొండు వేలు ఉంటారేమో. అందులో సగానికి పైగా రాజధాని ఫునాఫుతిలోనే.

ఇదే దేశానికి సముద్రం మాత్రం ఏడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆంధ్రప్రదేశ్‌లు నాలుగు పట్టి ఇంకా జాగా మిగులుతుంది. ఈ రెండు అంకెల నడుమే వాళ్ళ బతుకంతా. నేల మీద చెప్పుకోదగ్గ పంట లేదు, సముద్రాన్ని కౌలుకిచ్చుకుని తింటారు. ఈ ఉత్తరం రాయాలనిపించింది ఆ కౌలు సంగతి చూశాకే. కానీ నీకు ముందు దారి, ఊరు, ధరవరలు కావాలని తెలుసు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, తిరుగు దారిలో మన గంజాం, శ్రీకాకుళం మీదుగా దిగుతూ మజిలీ మజిలీకీ రాసిపెట్టినట్టు నేనూ వరసగా రాయాలంటావు. అంత ఓపిక నాకు లేదు. నచ్చినచోట ఆగుతాను.

ఆఫీసు పని మీద వెళ్ళాను. సువా పక్కన నౌసోరిలో చిన్న విమానం ఎక్కాలి, రెండున్నర గంటల ప్రయాణం. పెద్ద విమానాలు అక్కడికి రావు, వారానికి కొన్ని రోజులు ఈ చిన్నవే. కింద చూస్తే గంటల తరబడి నీలం తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత సముద్రంలో ఒక వంకర గీత కనిపించింది. బయటివైపు ముదురు నీలం, లోపలివైపు లేత ఆకుపచ్చ. ఆ గీతే రాజధాని. ఉన్నదాంట్లో వెడల్పైన చోట నాలుగు వందల మీటర్లు. సన్నటి చోట రోడ్డు మీద నిలబడితే కుడిపక్క మహాసముద్రం, ఎడమపక్క మడుగు, రెండిటి హోరూ వినిపిస్తుంది. మడుగన్నానని చెరువు అనుకునేవు, పద్దెనిమిది కిలోమీటర్ల పొడవుంది. దానికి చుట్టూ కోటగోడ కట్టినట్టు పగడపు దిబ్బలు. ఆ దిబ్బలకే ద్వీపాలని పేరు.

విమానం దిగే బాట ఊరి నడుమే ఉంది. ఇదొక వింత, కాస్త ఆగి చెప్తాను. 1942 అక్టోబరులో జపాన్ వాళ్ళ మీద యుద్ధానికి అమెరికా సేనలు ఇక్కడ దిగాయి. బాంబుల విమానాలకు బాట కావాలని కొబ్బరిచెట్లు కొట్టేశారు, దుంపలు పండించే గుంతలు పూడ్చేశారు. బాటకు పోయడానికి పగడపు రాయి కావాలి కదా, ద్వీపం చివర్లలో పెద్ద పెద్ద గోతులు తవ్వి తీశారు. యుద్ధం అయిపోయింది, సైన్యం పోయింది, గోతులు మిగిలాయి. ఉప్పునీరూ చెత్తా నిండిన ఆ గోతుల ఒడ్డున జనం డెబ్బై ఏళ్ళు కాపురాలు చేశారు. 2015 ప్రాంతంలో న్యూజీలాండ్ డబ్బుతో మడుగులోంచి ఇసక తోడి పూడ్చారు. ఇక ఆ బాట. సాయంత్రమైతే అదే ఊరి మైదానం. పిల్లలు బంతాట, పెద్దలు వాలీబాల్, ముసలివాళ్ళ నడక, ఆలుమగల స్కూటరు షికారు, అన్నీ దాని మీదే. ఉక్కపోత రాత్రుళ్ళు చాపలు తెచ్చుకుని అక్కడే పడుకుంటారు, సముద్రపు గాలి అడ్డం లేకుండా తగులుతుందని. విమానం వచ్చే ముందు అగ్నిమాపక బండి సైరను మోగిస్తుంది. జనం పక్కకు జరుగుతారు, కుక్కలు జరుగుతాయి. విమానం దిగుతుంది, పోతుంది, ఆట మళ్ళీ మొదలు.

ఆ యుద్ధంలోదే ఇంకో కథ. 1943 ఏప్రిల్లో జపాన్ విమానాలు బాంబులు వేస్తుంటే ఊరిజనం దాదాపు ఏడు వందల మంది చర్చిలో తలదాచుకున్నారట. దేవుడి ఇల్లు కదా, ఏం కాదని. లాడ్ అనే అమెరికా సిపాయి ఒకడు వచ్చి, బతిమాలో బెదిరించో అందర్నీ బయటికి తీసి కందకాల్లోకి దింపాడు. కాసేపటికే చర్చి మీద బాంబు పడింది. ఇప్పటికీ ఆ రోజును తలుచుకుంటారు.

ఈ నేల ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద పెద్ద పంచాయితీ నడిచింది, తీర్పు కోసం వచ్చింది ఈ ఫునాఫుతికే. మనకు మహేంద్రగిరి ఉంది, శాలిహుండం గుట్ట ఉంది, నేల అంటే కింద రాయి ఉంటుందని మనకు నమ్మకం. ఇక్కడ అది లేదు. పూర్వం ఇక్కడ అగ్నిపర్వతాలు ఉండేవి, అవి మెల్లగా సముద్రంలోకి కుంగుతుంటే వాటి అంచుల మీద పగడపు పురుగులు పైకి పైకి కట్టుకుంటూ వచ్చాయి, కొండ మునిగిపోయింది, కట్టిన ఉంగరం మిగిలింది అని డార్విన్ 1842లో పుస్తకం రాశాడు. నమ్మనివాళ్ళు కొందరు. తేల్చుకోడానికి లండన్ రాయల్ సొసైటీ వాళ్ళు 1896 నుంచి వరసగా మూడేళ్ళు ఈ దీవిలో బోరు వేయించారు. మొదటి ఏడాది యంత్రం ఇసకలో ఇరుక్కుంది. రెండో ఏడాది సిడ్నీ నుంచి ఎడ్జ్‌వర్త్ డేవిడ్ అనే ప్రొఫెసరు వచ్చాడు. 1898కి 1,114 అడుగుల లోతుకు పోయారు. అంతా పగడమూ సున్నపురాయే, అగ్నిపర్వతపు రాయి తగల్లేదు. డార్విన్ మాట సగం నిలబడింది. పూర్తిగా తేలింది 1952లో, మార్షల్ దీవుల్లో అమెరికా వాళ్ళు ఇంకా లోతుకు, 1,200 మీటర్లు దాటి తవ్వాక. ఫునాఫుతి బోరు గుంత ఇప్పటికీ ఉంది. చూపించారు. సిమెంటు గట్టు మధ్య మూరెడు బొక్క. ప్రపంచ ప్రసిద్ధి పొందిన బొక్క అని వాళ్ళే నవ్వుతారు.

నేల కింద రాయి లేకపోతే నీళ్ళు ఎలా నిలుస్తాయని నువ్వు అడుగుతావు. ఉద్దానం వాడివి, నీళ్ళ సంగతి నీకు వేరే చెప్పక్కర్లేదు. వానలు దండిగా పడతాయి, ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి. మనకు పడేదానికి రెండింతలు, ఇంకా ఎక్కువ. ఏం లాభం, పగడపు నేల జల్లెడ. పడిన నీరు కిందకి దిగి ఉప్పునీటి మీద పల్చటి పొరగా తేలుతుంది. ఆ పొర వరకు గుంత తవ్వి, ఆకులూ చెత్తా కుళ్ళబెట్టి ఎరువు చేసి, పులాకా అనే దుంప వేస్తారు. చేమ జాతిదే, కానీ ఆకు మనిషంత. ఆ గుంతలు తాతల నాటివి, ఒక్కో కుటుంబానికి ఒక్కో ముక్క. ఈమధ్య ఉప్పు కిందినుంచి ఎక్కి చాలా గుంతల్లో దుంప కుళ్ళిపోతోంది. అందుకని ఇప్పుడు కంచంలో రోజూ కనిపించేది ఓడలో వచ్చిన బియ్యం. తాగేది ఇంటి కప్పు మీది వాన. ప్రతి ఇంటికీ రేకుల కప్పు, అంచున గొట్టం, పక్కన పెద్ద ట్యాంకు. మూడు నెలలు వాన మొహం చాటేస్తే అంతే. 2011లో అలాగే జరిగింది. దేశమంతా అత్యవసర పరిస్థితి ప్రకటించి, మనిషికి ఇన్ని బకెట్లని కొలిచి పోశారు, న్యూజీలాండ్ నుంచి ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు విమానంలో వచ్చాయి. మన ఉద్దానంలో నీరుండీ కిడ్నీలు పాడై, హిరమండలం నుంచి గొట్టాలు వేసుకుని తాగాల్సొచ్చింది. వీళ్ళకు ఏ హిరమండలమూ లేదు.

కొబ్బరి సంగతి రాయకపోతే ఈ ఉత్తరం నీ చేతికి అందినా చదవవు. చెట్లు ఎక్కడ చూసినా ఉన్నాయి. ఒకప్పుడు దేశం బయటికి అమ్మింది ఎండుకొబ్బరి ఒక్కటే. ఇప్పుడు దాదాపు ఆపేశారు. కాయ కొట్టి, ఎండబెట్టి, ద్వీపం నుంచి ద్వీపానికి ఓడలో మోసి, అక్కడినుంచి ఫిజీకి చేర్చేసరికి ఖర్చు కూడా రాదు. కాయలు పందులకు వేస్తారు. నిజం, తిరిగే దారి పక్కనే పందుల దొడ్లు, వాటి ముందు పగలగొట్టిన కొబ్బరి. కంచిలి, సోంపేట సంతల్లో కాయకు రూపాయి తగ్గితే గోలపెట్టే నీకు ఇది చూస్తే నోట మాట రాదు. చెట్టును మాత్రం వదలరు. కల్లు గీస్తారు. మన దగ్గర తాటికీ ఈతకూ కుండ కట్టినట్టు ఇక్కడ కొబ్బరి గెలకు సీసా కడతారు. పొద్దునా సాయంత్రం ఎక్కి దించుతారు. పచ్చికల్లు పిల్లలకు కూడా పోస్తారు, అన్నం లేని రోజుల్లో అదే బలం. కాచి పాకం చేస్తే తేనె రంగులో వస్తుంది, రొట్టె మీద పోసుకుంటారు. పులిస్తే కథ వేరు, ఆదివారం చర్చి పెద్దలు చూడకుండా తాగాలి. తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో మన తోటలు నేలకూల్చినప్పుడు, చెట్టు పెరగడానికి ఇంకా పదేళ్ళు అని గట్టు మీద కూచున్నావు చూడు, ఇక్కడివాళ్ళకు అదంతా తెలుసు. 1972లో బెబె తుఫాను ఫునాఫుతి ఇళ్ళను దాదాపు అన్నిటినీ ఊడ్చేసింది. పోతూ పోతూ సముద్రంలోంచి పగడపు రాళ్ళు ఎత్తి, తీరం పొడవునా కట్టలా పోసి వెళ్ళింది. ఉన్న ఇల్లు పడగొట్టి లేని నేల ఇచ్చిన తుఫాను గురించి నేను మరెక్కడా వినలేదు.

ఇక కౌలు.

పసిఫిక్‌లో ట్యూనా చేప తిరిగే నీళ్ళలో పెద్ద భాగం ఎనిమిది చిన్న దేశాల చేతిలో ఉంది. తువాలు, కిరిబాటి, నౌరు, మార్షల్ దీవులు, ఆ వరస. మన జాలర్లు నామాల సూర అంటారే, డబ్బాల్లోకి పోయేది ముఖ్యంగా ఆ చేపే. వెనకటికి జపాన్, తైవాన్, కొరియా, అమెరికా ఓడలు వచ్చి పట్టుకుపోయేవి, ఒక్కో దేశంతో విడివిడిగా బేరమాడి నామమాత్రం ముట్టజెప్పేవి. ఒకడు ఎక్కువ అడిగితే పక్కవాడి నీళ్ళలోకి పోయేవి. 1982లో ఈ దేశాల్లో ఏడు నౌరులో కూచుని ఒప్పందం రాసుకున్నాయి, తువాలు తర్వాత చేరింది. ఒప్పందం గట్టిపడటానికి పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడు పద్ధతి ఇది: ఏడాదికి అందరి నీళ్ళలో కలిపి ఓడలు ఇన్ని రోజులే వేటాడాలని ముందే లెక్క కడతారు. ఆ రోజుల్ని దేశాలు పంచుకుంటాయి. ఓడ వాడు చేపను కొనడు, రోజును కొంటాడు. ఒక ఓడకు ఒక రోజు కనీసం 8,000 అమెరికా డాలర్లు, మన డబ్బులో ఏడు లక్షల దాకా. చేప పడినా పడకపోయినా ఇవ్వాలి. ప్రతి ఓడ మీదా ఉపగ్రహానికి కనిపించే యంత్రం ఉంటుంది, వలల ఓడల్లో దీవుల తరఫు మనిషి ఒకడు కూచుని రాసుకుంటాడు. ఎనిమిది చిన్న దేశాలు కలిసి ఒక్క ధర చెప్పేసరికి పెద్ద దేశాలకు వేరే దారి లేకపోయింది.

మంచి ఏడాదిలో తువాలు ప్రభుత్వ రాబడిలో సగానికి పైగా ఇదే. ఇందులో ఇంకో తమాషా ఉంది. ఎల్ నీన్యో వచ్చిన ఏడాది పసిఫిక్ వేడినీళ్ళు తూర్పుకు జరుగుతాయి, ట్యూనా మందలు వాటి వెంట వీళ్ళ వైపు వస్తాయి, వేట రోజులకు గిరాకీ పెరుగుతుంది. అదే ఎల్ నీన్యో మన నైరుతి వానల్ని చాలాసార్లు ఎండగడుతుంది. వంశధార కాలవ కింద నారు ఎండిన ఏడు వీళ్ళ ఖజానా నిండుతుంది.

మన వైపు ఆలోచించు మావయ్యా. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత తీరం పెట్టుకుని మన మత్స్యలేశం, బారువ, బుడగట్లపాలెం కుర్రాళ్ళు రైలెక్కి గుజరాత్‌లో వెరావల్ పోయి పరాయి బోట్లలో కూలికి వేటాడతారు. పెద్ద బోటు నిలిపే రేవు లేదు, పట్టింది దాచే ఐసు లేదు, తెప్పల మీద ఎంత దూరం పోతారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు ఇరవై మందికి పైగా అక్కడినుంచి వేటకు పోయి పాకిస్తాన్ వాళ్ళకు చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలేదాకా ఇక్కడ ఆడవాళ్ళు నిద్రపోలేదు. దాని మీద సినిమా కూడా వచ్చింది. తువాలు వాడు ఇంట్లో కూచుని సముద్రపు రోజులు అమ్ముకుంటాడు. మనవాడు తన సముద్రం వదిలి పక్కవాడి సముద్రంలో తన రోజులు అమ్ముకుంటాడు. రెండూ వేటే. తేడా అంతా కాగితం ఎవరి పేరున ఉందన్నదే.

అలాగని ఇది బంగారు బతుకని రాసి నిన్ను మోసం చెయ్యను. కౌలు డబ్బు వచ్చేది ప్రభుత్వానికి. ఊళ్ళో ఉద్యోగమంటే సర్కారు ఉద్యోగమే, అది లేనివాడు ఉన్నవాడి ఇంట్లో తింటాడు. చుట్టూ ప్రపంచంలోకెల్లా గొప్ప చేపల చెరువు పెట్టుకుని దుకాణంలో డబ్బా చేప కొనుక్కునేవాళ్ళను చూశాను. సొంతంగా పెద్ద ఓడలు నడిపే స్తోమత లేదు. దుకాణంలో సరుకంతా ఫిజీ నుంచీ ఆస్ట్రేలియా నుంచీ వస్తుంది. ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయ ఉండదు. నడిచే డబ్బు ఆస్ట్రేలియా డాలరు. 2025 ఏప్రిల్ దాకా దేశంలో ఏటీఎం లేదంటే నమ్ము. మొదటిది పెట్టినప్పుడు ప్రధానమంత్రే వచ్చి ప్రారంభించి కేకు కోశాడు.

కౌలుకివ్వడం వాళ్ళకు ఒక్క సముద్రంతో మొదలవలేదు, ఆగనూ లేదు. ఇంటర్నెట్‌లో ప్రతి దేశానికీ రెండక్షరాల తోక ఇస్తారు, మనకు డాట్ ఇన్ ఉన్నట్టు. తువాలుకు అదృష్టవశాత్తూ దక్కింది డాట్ టీవీ. లోకంలో వీడియోల కంపెనీలన్నిటికీ ఆ తోక మీద మోజు. 2000లో ఒక అమెరికా కంపెనీ పన్నెండేళ్ళకు ఐదు కోట్ల డాలర్లు ఇస్తానని ఆ తోకను అద్దెకు తీసుకుంది. ఆ మొదటి డబ్బుతో తువాలు చేసిన పని ఐక్యరాజ్యసమితిలో చేరడం, 189వ సభ్యదేశంగా. చందా కట్టే స్తోమత అప్పటిదాకా లేక ఆగారు. ఇప్పుడూ ఏటా దండిగానే వస్తోంది. అంతకు ముందు 1990లలో దేశపు టెలిఫోన్ కోడునే విదేశాల బూతు కబుర్ల లైన్లకు అద్దెకిచ్చారు. డబ్బు బాగానే వచ్చింది. చర్చి పెద్దలకు తెలిసి ముక్కు మీద వేలేసుకున్నాక మానేశారు. తపాలా బిళ్ళలు ముద్రించి లోకంలో సేకరించేవాళ్ళకు అమ్మడం కూడా ఒక కాలంలో మంచి ఆదాయమే. ఇవన్నీ నవ్వులాటగా కనిపిస్తాయి కానీ, 1987లో మాత్రం చాలా పెద్దమనిషి పని చేశారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్ ఇచ్చిన సాయాన్ని తినెయ్యకుండా రెండు కోట్ల డెబ్బై లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో ఒక నిధి కట్టారు. అసలు ముట్టరు, రాబడి మీదే బడ్జెట్టు లోటు పూడుస్తారు. అందరూ ఏడాదికేడాది చెయ్యిచాపే కాలంలో బ్రిటన్ నుంచి స్వతంత్రం వచ్చి తొమ్మిదేళ్ళైనా నిండని దేశం ఈ పని చేసింది.

మగపిల్లలు ఓడలెక్కడం మన ఉద్దానం కుర్రాళ్ళకూ వీళ్ళకూ ఒకటే. మడుగుకు ఉత్తరాన అమాతుకు అనే దీవి మీద 1979లో నావికుల బడి పెట్టారు. అక్కడ నేర్చినవాళ్ళను జర్మనీ ఓడల కంపెనీలు తీసుకునేవి. ఒక తరం ఇళ్ళన్నీ ఆ జీతాలతో లేచాయి. ఈమధ్య ఫిలిప్పీన్స్ వాళ్ళు తక్కువకు దొరుకుతారని పిలుపులు తగ్గాయి. మన వైపు ఏజెంట్లు లక్షలు గుంజి దొంగ సర్టిఫికెట్లు అంటగట్టి పంపేస్తారే, ఆ బాధ మటుకు వీళ్ళకు లేదు. ఉన్న బడి ఒకటే, సర్కారుది.

జనం శాంతం. నల్లటి గుబురు జుట్టు, పెద్ద ఒళ్ళు, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. సమోవా వాళ్ళకు దగ్గరి చుట్టాలు. నుయి అనే ఒక్క దీవిలో మాత్రం కిరిబాటి భాష మాట్లాడతారు. శాసనసభకు పదహారుమంది, పార్టీలు లేవు. ఆ మాట విన్నాక నువ్వు కాసేపు కుర్చీలోంచి లేవవని తెలుసు. ప్రతి దీవికీ ఊరి పెద్దల సభ ఉంటుంది, ఫలెకౌపులే అంటారు. ఎత్తైన కప్పు, నాలుగు వైపులా తెరిచిన పెద్ద సావిడి. పెద్దలు స్తంభాలకు ఆనుకుని కూచుంటారు, చిన్నవాళ్ళు వంగి నడుస్తారు. 1997లో దానికి చట్టబద్ధంగా అధికారం ఇచ్చారు. రాత్రి అక్కడే ఫతేలె ఆట. పెట్టె మీద అరచేతులతో దరువు, పాట నెమ్మదిగా మొదలై ఊపందుకుని ఒక్కసారి టక్కున ఆగుతుంది. తప్పెటగుళ్ళు చూసినవాడికి ఆ ఊపు కొత్త కాదు.

చర్చి ఇక్కడికి వచ్చిన తీరు చిత్రం. 1861లో కుక్ దీవుల్లో మనిహికి అనే చోటినుంచి ఎలెకానా అనే ఆయన పడవ తుఫానులో దారితప్పి ఎనిమిది వారాలు కొట్టుకొచ్చి నుకులయెలయె దీవిలో తేలింది. బతికినాయన బైబిలు చెప్పడం మొదలుపెట్టాడు. జనం ఇంకా కావాలన్నారు. రెండేళ్ళకు, 1863లో పెరూ దేశపు ఓడలు వచ్చాయి. మీకు దేవుడి చదువు చెప్పే చోటికి తీసుకెళ్తాం ఎక్కండన్నారు. నుకులయెలయె, ఫునాఫుతి దీవుల నుంచి వందలమంది నమ్మి ఎక్కారు. పెరూలో వెట్టిచాకిరీకి అమ్మేశారు. తిరిగి వచ్చినవాళ్ళు దాదాపు లేరు. నుకులయెలయెలో ఆనాడు మిగిలినవాళ్ళు కొద్దిమంది. ఇది వింటుంటే నాకు ఇక్కడి ఫిజీలో మనవాళ్ళు గుర్తొచ్చారు. మన వైపు జనం ఎక్కువ రంగం (రంగూన్) పోయారు, కానీ 1903 నుంచి మద్రాసు రేవులో ఫిజీ ఓడ ఎక్కినవాళ్ళలో విశాఖ జిల్లా వాళ్ళూ ఉన్నారు. మొదటి ఓడ నుంచి 1916 దాకా భారతదేశం నుంచి మొత్తం 60,965 మంది, అందులో పదిహేను వేలు మద్రాసు మీదుగా. చెరుకు తోటలో ఐదేళ్ళ కూలి ఒప్పందం, దాన్నే గిర్మిట్ అనేవారు. సువా ఎదురుగా నుకులావు అనే చిన్న దీవిలో ముందు దింపి, రోగాలు లేవని చూసి తోటలకు పంచేవారు. వాళ్ళ మునిమనవలు ఇంట్లో ఫిజీ హిందీ మాట్లాడతారు, పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు మాత్రం తెలుగు వెతుక్కుంటారు.

దేశం మునిగిపోతోందట కదా అని మీరంతా అడుగుతున్నారు. టీవీలో చూపించినంత తేలిక కాదు. 2021లో వాళ్ళ మంత్రి సైమన్ కోఫే మోకాటి లోతు సముద్రంలో బల్ల వేసుకుని ఉపన్యాసం ఇచ్చాడు, అది చూసి ఉంటారు. కానీ 2018లో న్యూజీలాండ్ పరిశోధకులు విమానం ఫోటోలన్నీ కొలిచి, 1971 నుంచి 2014 మధ్య ఈ దీవుల నేల మొత్తం మీద 2.9 శాతం పెరిగిందని తేల్చారు. అలలు ఒకచోట కోసి ఇంకోచోట పోస్తున్నాయి. అందుకని ప్రమాదం లేదనుకోకు. ఫిబ్రవరి, మార్చి పున్నమి పోట్ల సమయంలో నీరు తీరం మీదుగానే కాదు, నేల లోంచి కూడా బుడబుడ ఉబికి వస్తుంది. పెరట్లోనే పుట్టిన ఉప్పునీటికి గోడ ఎక్కడ కడతావు. దుంప కుళ్ళేది, బావి చెడేది అందుకే. దేశంలో అన్నిటికన్నా ఎత్తైన నేల నాలుగున్నర మీటర్లు. మన బారువ దీపస్తంభం ఎక్కి చూడు, అర్థమవుతుంది. రాజధానిలో 2023 చివరికి మడుగు పక్కన 780 మీటర్ల పొడవున ఇసక తోడి కొత్త నేల పోశారు, ఏడు హెక్టార్లు. అదే ఏడాది రాజ్యాంగంలో ఒక మాట చేర్చారు: నేల పోయినా తువాలు దేశంగానే ఉంటుంది అని. ఇదేదో బెంగతో రాసుకున్న మాటనుకున్నాను మొదట. కానీ కాదు. దేశం లేకపోతే సముద్రం మీద హక్కు పోతుంది, హక్కు పోతే కౌలు పోతుంది. లాయర్లు ఆలోచించి రాసిన మాట అది.

ఆస్ట్రేలియాతో 2023 నవంబరులో ఇంకో ఒప్పందం రాసుకున్నారు. ఏటా 280 మందికి అక్కడ స్థిరపడే వీసా, లాటరీ తీసి ఇస్తారు. 2025లో మొదటిసారి తెరిస్తే కుటుంబాలతో కలిపి 8,750 మంది పేర్లు పెట్టారు. దేశజనాభాలో మూడొంతులకు పైనే. వెళ్ళిపోవాలని అందరికీ లేదు, వీలుంచుకోవాలని అందరికీ ఉంది. నాతో మాట్లాడిన ఒకావిడ, పేరు వేశాను కానీ రాకూడదని ప్రార్థన చేస్తున్నాను అంది.

నువ్వడిగిన చివరి సంగతి, అక్కడ రెండెకరాలు కొనొచ్చా అని. కొనలేవు. అమ్మేవాడు ఉండడు. నేల కుటుంబానిది, అన్నదమ్ములు పెదనాన్నలు అందరూ కలిపి అనుభవించాలి. ప్రభుత్వం కూడా తన ఆఫీసుల కింది నేలకు ఇంటివాళ్ళకు అద్దె కడుతుంది, రాజధానిలో ఆ అద్దెల మీద తగాదాలు చాలా. ఇంత పట్టుదల ఉన్నవాళ్ళే ఒకసారి మాత్రం నేల కొన్నారు, పరాయి దేశంలో. వైతుపు దీవి జనం యుద్ధంలో అమెరికా వాళ్ళ దగ్గర పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 1946లో ఫిజీలో కియోవా అనే దీవిని వేలంలో పాడుకున్నారు. మా దీవి చిన్నదవుతోంది, పిల్లలకు చోటు కావాలని. 1947లో మొదటి జట్టు పడవ దిగింది. ఈనాటికీ అక్కడ తువాలు భాషే.

కియోవాకు లంబాసా, సావుసావు మీదుగా పోవచ్చు, చివర్లో పడవ పట్టాలి. లంబాసాలో చెరుకు మిల్లు పక్క తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయని విన్నాను. సెలవు దొరికితే వచ్చే నెల వెళ్తాను. అత్తయ్య జీడిపప్పు పంపిస్తానంది. ఫిజీ కస్టమ్స్ వాళ్ళు సీలు లేని పొట్లం విప్పేస్తారు, పలాసలో ఫ్యాక్టరీ ప్యాకెట్టే కొని పంపమను.

మీ మేనల్లుడు